ఒకటిని విడగొడితే ఎన్ని ముక్కలు?

ఖమ్మం జిల్లాలో ఒక రైతుకు రెండెకరాల పది గుంటల చెలక ఉందనుకుందాం. అవసరం పడి ముప్పై గుంటలు అమ్మేశాడు. మిగిలిందెంత? కాగితం మీద విస్తీర్ణం 2-10 అని ఉంటుంది. దాన్ని 2.10గా, అమ్మినదాన్ని 0.30గా ఫోన్‌లోని కాలిక్యులేటర్లో కొట్టి తీసేస్తే 1.80 వస్తుంది. అంటే ఎకరం ఎనభై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి ఎనభై గుంటలంటే రెండెకరాలు. మొత్తం మూడెకరాలు! ముప్పావు ఎకరం అమ్మితే సరిగ్గా ముప్పావు ఎకరం పెరిగింది. ఇలాంటి వ్యాపారం దొరికితే ఎవరు వదులుకుంటారు?

అదే లెక్క గుంటూరు జిల్లాకు తీసుకెళ్లండి. అక్కడ ఎకరాన్ని సెంట్లలో కొలుస్తారు. రెండెకరాల పది సెంట్లలో ముప్పై సెంట్లు అమ్మితే మిగిలేది 1.80, అంటే ఎకరం ఎనభై సెంట్లు. ఈసారి కాలిక్యులేటర్ చెప్పింది అక్షరాలా నిజం. అంకెలు అవే, నొక్కిన మీటలూ అవే. ఒకచోట తప్పు, ఇంకోచోట ఒప్పు.

తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఎకరాన్ని విడగొడితే ఎన్ని ముక్కలవుతుంది? గుంటూరులో వంద, ఖమ్మంలో నలభై. పదుల మీద, వందల మీద నడిచే యంత్రానికి నలభై సంగతి తెలియదు. పది గుంటల్లోంచి ముప్పై పోవు కనుక ఒక ఎకరాన్ని నలభై గుంటలుగా మార్చుకోవాలి. అప్పుడు ఎకరం యాభై గుంటలు అవుతుంది. అందులోంచి ముప్పై పోతే ఎకరం ఇరవై గుంటలు మిగులుతాయి.

బళ్లో ఆరో తరగతి పిల్లల్ని తికమక పెట్టే మిశ్రమ భిన్నాల తీసివేత సరిగ్గా ఇదే లెక్క. అక్కడ ఎకరం పేరు 'ఒకటి', గుంటల సంఖ్య పేరు 'హారం'. అంతకు మించి కొత్తదేమీ లేదు.

గడియారం దగ్గర ఎవరూ తప్పు చేయరు

పది గంటల పది నిమిషాలకు నలభై నిమిషాల ముందు టైమెంత అని అడిగితే తొమ్మిదీ డెబ్బై అని ఎవరూ అనరు. తొమ్మిదిన్నర అంటారు. పది నిమిషాల్లోంచి నలభై తీయలేమని, ఒక గంటను విడగొట్టి అరవై నిమిషాలు తెచ్చుకున్నామని మనకు తెలియను కూడా తెలియదు. గంటకు అరవై అన్న మారకపు రేటు మన నరనరానా ఇంకిపోయింది.

పదికి బదులు ఇంకో సంఖ్యతో మార్చుకోవడం అంత కష్టమే అయితే గడియారం దగ్గరా తడబడేవాళ్లం. భిన్నాల దగ్గర చిక్కేమిటంటే ఆ రేటు లెక్కలెక్కకీ మారుతుంది. ఒక లెక్కలో ఒకటికి ఏడు ముక్కలు, తర్వాతి లెక్కలో పన్నెండు, ఆ తర్వాత అయిదు. ఏ రేటుకు మార్చాలో చెప్పేది హారం ఒక్కటే. అది గీత కింద నోరు మూసుకుని కూర్చుంటుంది.

ఏడింట రెండులోంచి ఏడింట అయిదు ఎలా పోతాయి?

ఒక లెక్క చూద్దాం. 5 2/7 నుంచి 2 5/7 తీసేయాలి. మాటల్లో చెప్పాలంటే అయిదు పూర్తిగా, ఇంకా ఏడింట రెండు వంతులు ఉన్నాయి. అందులోంచి రెండూ, ఏడింట అయిదు వంతులూ పోవాలి.

పూర్ణ సంఖ్యల సంగతి సులువే. అయిదులోంచి రెండు పోతాయి. భిన్నాల దగ్గరే బండి ఆగుతుంది. చేతిలో ఉన్నవి రెండు ముక్కలు, ఇవ్వాల్సినవి అయిదు. అలాగని లెక్క అసాధ్యం కాదు. అయిదు పైచిలుకు ఉన్నవాడు రెండు పైచిలుకు ఇవ్వగలడు. ఉన్నదంతా పెద్ద నోట్లలో ఉంది, చిల్లర చాలలేదు, అంతే. కొట్టువాడి దగ్గర అయిదు వందల నోటు మార్పించుకున్నట్టు, ఒక పూర్తి ఒకటిని ముక్కలుగా మార్పించుకోవాలి. నోటు మార్చినంత మాత్రాన డబ్బు పెరగదు, తరగదు.

ఎన్ని ముక్కలు? మన ముక్క ఏడోవంతు. ఏడు ఏడోవంతులు కలిస్తే ఒకటి. కాబట్టి ఒకటిని మారిస్తే ఏడు ముక్కలు వస్తాయి. అయిదు కాస్తా నాలుగవుతుంది. ముక్కలు ఇంతకు ముందున్న రెండు, ఇప్పుడొచ్చిన ఏడు, వెరసి తొమ్మిది. 5 2/7 ఇప్పుడు 4 9/7 రూపంలో ఉంది. చూడ్డానికి వికారంగా ఉంటుంది, నిజమే. భిన్నం ఒకటి కన్నా పెద్దగా ఉండకూడదని, ఉంటే వెంటనే మిశ్రమ భిన్నంగా మార్చేయాలని అంతకు ముందు నెలే పిల్లలకు నేర్పి ఉంటాం. ఇప్పుడు దానికి సరిగ్గా తలకిందులుగా చేయమంటున్నాం. ఈ మెట్టు మీద చాలామంది పిల్లలు తటపటాయించడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

ఇక మిగిలింది చిన్న పని. తొమ్మిది ముక్కల్లోంచి అయిదు పోతే నాలుగు, నాలుగు పూర్ణాల్లోంచి రెండు పోతే రెండు. జవాబు 2 4/7. సరిచూసుకోవాలంటే దీనికి 2 5/7 కలపండి. నాలుగు పూర్ణాలు, తొమ్మిది ఏడోవంతులు వస్తాయి. ఆ తొమ్మిదిలో ఏడు కలిసి మళ్లీ ఒకటైపోతాయి. అయిదూ ఏడింట రెండు వచ్చేసింది.

━━━━━━━━━━
ఒక లెక్క, నాలుగు జవాబులు

5 2/7 − 2 5/7 ను ఒక తరగతిలో ఇస్తే రాగల జవాబుల్లో నాలుగింటిని చూడండి. ఏ జవాబు వెనుక ఏ ఆలోచన ఉందో చాలావరకు పట్టుకోవచ్చు.

3 3/7 : రెండులోంచి అయిదు పోవు కాబట్టి అయిదులోంచే రెండు తీసేశారు. పైనున్నదా, కిందున్నదా అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీయడం.

3 4/7 : ఏడు ముక్కలు తెచ్చుకున్నారు కానీ, తెచ్చిన చోట అయిదును నాలుగు చేయలేదు. నోటూ చేతిలోనే ఉంది, చిల్లరా వచ్చింది!

3 : ఒకటిని విడగొట్టి పది ముక్కలు తెచ్చుకున్నారు. 2 కాస్తా 12 అయింది. పన్నెండులోంచి అయిదు పోతే ఏడు, ఏడింట ఏడు అంటే ఒకటి, దానికి రెండు కలిస్తే మూడు.

2 4/7 : సరైన జవాబు.

మొదటి మూడూ తప్పని తేల్చడానికి లెక్క చేయక్కర్లేదు. 5 2/7 అయిదున్నర కన్నా తక్కువ. 2 5/7 రెండున్నర కన్నా ఎక్కువ. అయిదున్నర లోపు ఉన్నదాంట్లోంచి రెండున్నరకు పైగా తీసేస్తే మూడు మిగిలే ప్రసక్తే లేదు.
━━━━━━━━━━

పది ఎక్కడి నుంచి వచ్చింది?

పై మూడు తప్పుల్లో నాకు ఆసక్తి కలిగించేది మూడోది. మొదటిది తొందర, రెండోది మరుపు అనుకోవచ్చు. మూడోది మాత్రం బాగా చదువుకున్న పిల్లవాడి తప్పు. రెండో తరగతిలో 52 నుంచి 25 తీయడం నేర్చుకున్నాడు. రెండులోంచి అయిదు పోదు, పక్కనున్న అయిదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో, రెండు పన్నెండు అవుతుంది అని మాస్టారు చెప్పారు. నాలుగేళ్ల పాటు వందల లెక్కల్లో ఆ పన్నెండు అతన్ని ఎప్పుడూ మోసం చేయలేదు. ఇప్పుడు కళ్ల ముందు మళ్లీ అయిదు ఉంది, దాని పక్కన రెండు ఉంది, కింద అయిదు ఉంది. అలవాటు తన పని తాను చేసింది.

52లో అయిదు పదుల స్థానంలో ఉంది కాబట్టి ఒకటి తెస్తే పది వస్తుంది. ఒక స్థానానికీ దాని పక్క స్థానానికీ మధ్య మారకపు రేటు పది. 5 2/7 లో అయిదుకూ రెండుకూ మధ్య రేటు ఏడు. 'పక్కింటి నుంచి అప్పు' అన్న సూత్రం రెండు చోట్లా ఒకటే, రేటు మాత్రం వేరు. చిన్న తరగతుల్లో ఆ పదికి కారణం చెప్పకుండా 'ముందు ఒకటి పెట్టు' అని సరిపెడితే, అది పిల్లవాడి మనసులో రేటుగా కాక మంత్రంగా నిలిచిపోతుంది. ఆ మంత్రం ఆరో తరగతిలో ఎదురు తిరుగుతుంది.

పిల్లల తప్పులు గాలివాటంగా వచ్చేవి కావని 1978లో అమెరికన్ పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ఒక ప్రసిద్ధమైన పత్రంలో చూపించారు. పూర్ణ సంఖ్యల తీసివేతలో పిల్లలు రాసిన జవాబులను పట్టి చూస్తే, చాలామంది ఒక తప్పు నియమాన్ని పొల్లు పోకుండా పాటిస్తున్నారని తేలింది. కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని లోపాలతో పోల్చి వాటినీ 'బగ్స్' అన్నారు. వారు తయారుచేసిన ప్రోగ్రాం పేరు 'బగ్గీ'. అది తప్పులు చేసే విద్యార్థిలా జవాబులిస్తుంది, ఏ నియమం బెడిసిందో ఉపాధ్యాయుడు కనిపెట్టాలి. పెద్దదాంట్లోంచి చిన్నది తీయడం వారి జాబితాలో బాగా పేరున్న తప్పు.

భిన్నాల తీసివేతకు వస్తే కికుమి తత్సువోకా పేరు చెప్పుకోవాలి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈ గణాంక శాస్త్రవేత్త 1980లలో 20 లెక్కల పరీక్ష ఫలితాలను విశ్లేషించారు. అన్నీ భిన్నాల తీసివేతలే. విద్యా గణాంక రంగంలో కొత్త పద్ధతి కనిపెట్టిన చాలామంది నేటికీ దాన్ని 536 మంది విద్యార్థుల జవాబులున్న ఆ పట్టిక మీద పరీక్షించి చూసుకుంటారు. ఇన్ని మార్కులు వచ్చాయని చెప్పి ఊరుకోకుండా, ఏ మెట్టు దగ్గర జారారో చెప్పాలన్నది ఆమె పట్టుదల. అందుకోసం ఈ తీసివేతను ఎనిమిది చిన్న నైపుణ్యాలుగా విడదీశారు. పూర్ణ సంఖ్యను భిన్నంగా మార్చడం, పూర్ణ భాగాన్నీ భిన్న భాగాన్నీ వేరుగా చూడటం, ఉమ్మడి హారం కనుక్కోవడం, పూర్ణ సంఖ్య నుంచి అప్పు తెచ్చుకోవడం, జవాబును కుదించడం వంటివి అందులో ఉన్నాయి. మనం ఒక్క గీత కింద 'తీసివేత' అని రాసి వదిలేసే పనిలో ఎనిమిది పనులున్నాయన్నమాట! పదికి నాలుగు మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లలకు ఒకే మందు పనిచేయకపోవడానికి కారణం అదే.

హారాలు వేరైతే

ఇప్పటిదాకా రెండు చోట్లా ఏడో వంతులే ఉన్నాయి. 3 1/6 నుంచి 1 3/4 తీయమంటే? ఆరో వంతుల్లోంచి నాలుగో వంతులు నేరుగా పోవు, ముక్కల సైజులు వేరు. రెండింటినీ పన్నెండో వంతులుగా మార్చాలి. క.సా.గు. అవసరపడేది ఇక్కడే. 3 2/12 నుంచి 1 9/12. రెండులోంచి తొమ్మిది పోవు. మూడులో ఒకటిని విడగొడితే ఇప్పుడు పన్నెండు ముక్కలు. పన్నెండూ రెండూ పద్నాలుగు. పద్నాలుగులోంచి తొమ్మిది పోతే అయిదు, పైన మిగిలిన రెండులోంచి ఒకటి పోతే ఒకటి. జవాబు 1 5/12.

ముందే ఒకటిని ఆరు ముక్కలుగా విడగొట్టి 2 7/6 చేసుకుని, తర్వాత పన్నెండో వంతులకు మార్చినా ఫరవాలేదు. 2 14/12 దగ్గరకే చేరతాం. ప్రమాదం ఎక్కడంటే, హారాన్ని పన్నెండుకు మార్చేసి, అప్పు మాత్రం పాత రేటున ఆరే తెచ్చుకోవడంలో.

అసలు అప్పు అవసరమా కాదా అన్నది తేల్చుకోవడంలోనూ ఒక మోసం ఉంది. 3 1/2 నుంచి 1 3/8 తీయాలంటే పైన ఒకటి, కింద మూడు కనిపిస్తాయి. వెంటనే అప్పుకు పరుగెత్తుతారు. నిజానికి అర అంటే ఎనిమిదింట నాలుగు, మూడు సుఖంగా పోతాయి. అటు 5 2/7 నుంచి 1 1/2 తీసేటప్పుడు పైన రెండు, కింద ఒకటి ఉన్నాయని ధీమాగా ఉంటారు. ఏడింట రెండు అర కన్నా చిన్నదని గమనించరు. లవాలను చూసి తీర్పు చెప్పకూడదు, భిన్నాలను పోల్చాలి.

వేరే దారులు

విడగొట్టడం ఒక్కటే మార్గం కాదు. పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే దారి, రెండింటినీ అపక్రమ భిన్నాలుగా మార్చేయడం. 5 2/7 అంటే ఏడోవంతులు 37. 2 5/7 అంటే 19. తీసేస్తే 18, అంటే 2 4/7. ఇందులో అప్పు గొడవే లేదు. నిజానికి ఒక నోటు కాదు, ఉన్న నోట్లన్నీ ఒక్కసారే చిల్లర చేసేశాం. చిన్న సంఖ్యలకు బాగానే ఉంటుంది. 48 1/12 అడుగుల కమ్మీలోంచి 19 7/12 అడుగులు కోయాలంటే మాత్రం 577లోంచి 235 తీసి, వచ్చిన 342ని మళ్లీ 12తో భాగించాలి. అదే ఒక్క అడుగును పన్నెండు అంగుళాలు చేసుకుంటే 47 అడుగుల 13 అంగుళాల్లోంచి 19 అడుగుల 7 అంగుళాలు పోతాయి, 28 అడుగుల 6 అంగుళాలు మిగులుతాయి. టేపు పట్టుకున్న మేస్త్రి రెండో దారినే పోతాడు. పరీక్షకు అపక్రమ భిన్నం నమ్మకమైనదే కావచ్చు. కానీ ఏం జరుగుతోందో అది చూపించదన్నది నా ఫిర్యాదు.

ఇంకో దారి పైకి లెక్కపెట్టడం. 2 5/7 నుంచి మూడు చేరడానికి 2/7 కావాలి. మూడు నుంచి 5 2/7 దాకా 2 2/7. రెండూ కలిపితే 2 4/7. నోటి లెక్కకు దీన్ని మించింది లేదు.

మరొకటి, రెండింటికీ సమానంగా కలపడం. పైనున్న భిన్నానికి ఏడు ఏడోవంతులు కలిపి, కిందనున్న పూర్ణానికి ఒకటి కలపాలి. రెండింటికీ ఒకటే కలిసింది కాబట్టి తేడా మారదు. 5 9/7 నుంచి 3 5/7 తీస్తే మళ్లీ 2 4/7. పూర్ణ సంఖ్యల తీసివేతలో విడగొట్టే పద్ధతి మేలా, సమానంగా కలిపే పద్ధతి మేలా అన్న వాదం అమెరికాలో చాలాకాలం నడిచింది. విలియం బ్రౌనెల్, మోజర్ మూడో తరగతి పిల్లలతో ఈ రెండింటినీ పరీక్షించి 1949లో ఫలితాలు ప్రచురించారు. ఏ పద్ధతి అన్నదానితో పాటు ఎలా నేర్పారన్నదాన్నీ వాళ్లు పరిశీలించారు. కారణం వివరించి నేర్పినప్పుడు విడగొట్టే పద్ధతి ముందుంది. అమెరికా బళ్లలో అదే స్థిరపడటానికి ఆ అధ్యయనం తోడ్పడింది.

అణాల కాలంలో రోజువారీ పని

ఈ లెక్క ఒకప్పుడు మన ఇళ్లలో పచారీ కొట్టు పని. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు కాదు, 12 పైలు. పైస అంటే అణాలో నాలుగో వంతు, అంటే రూపాయికి 64. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. చేతిలో 5 రూపాయల 2 అణాల 3 పైలుండగా 2 రూపాయల 7 అణాల 8 పైలు ఖర్చయితే ఏం మిగిలింది? ఒక అణాను విడగొడితే 12 పైలు వస్తాయి. మొత్తం 15, అందులోంచి 8 పోతే 7. అణా ఒకటే మిగిలింది, ఏడు కావాలి. ఒక రూపాయిని విడగొడితే 16, మొత్తం 17, అందులోంచి 7 పోతే 10. రూపాయలు నాలుగులోంచి రెండు పోతే రెండు. జవాబు 2 రూపాయల 10 అణాల 7 పైలు. ఒకే లెక్కలో ఒకచోట రేటు పన్నెండు, ఒకచోట పదహారు. పద్దు రాసే గుమాస్తాలు రోజంతా చేసిన పని ఇది.

అంతకన్నా పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకు ప్రత్యేక గుర్తులుండేవి. పావులకు నిలువు గీతలు, వీసాలకు, అంటే పదహారో వంతులకు, అడ్డగీతలు. ఏ స్థానంలోనూ మూడు గీతలకు మించి రాయాల్సిన పని లేదు, నాలుగోది వస్తే పై స్థానానికి వెళ్లిపోతుంది. అంటే అక్కడ మారకపు రేటు ఎప్పుడూ నాలుగే. రెండుంబావులోంచి మూడు వీసాలు తీయాలంటే ఉన్న ఒక్క నిలువు గీతను కొట్టేసి నాలుగు అడ్డగీతలు వేసుకుంటారు. మూడు పోతే ఒక వీసం మిగులుతుంది. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా చేరాయి. వాటిని ఇప్పుడు టైపు చేసేవారెవరన్నది వేరే సంగతి.

పూర్ణ సంఖ్యకు భిన్నం చేరితే దాన్ని 'భాగానుబంధం' అని, పూర్ణ సంఖ్య నుంచి భిన్నం తగ్గితే 'భాగాపవాహం' అని మన ప్రాచీన గణితజ్ఞులు వేర్వేరు తరగతులుగా పెట్టుకున్నారు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన 'గణితసారసంగ్రహం'లో ఇవి ఉన్నాయి. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. ఆనాటి రాతప్రతుల్లో మిశ్రమ భిన్నాన్ని నిలువుగా రాసేవారు. పైన పూర్ణ సంఖ్య, దాని కింద లవం, దాని కింద హారం, మధ్యలో గీత ఉండదు. విడగొట్టడానికి అదేమంత చెడ్డ అమరిక కాదు. పూర్ణం నేరుగా ముక్కల మీదికే దిగుతుంది, ఎన్ని ముక్కలో అడుగున రాసే ఉంటుంది.

ఎలా మొదలుపెడితే మంచిది?

దశాంశ పద్ధతి వచ్చాక డబ్బు, బరువు, పొడవు అన్నీ పదుల్లోకి, వందల్లోకి మారాయి. మేలే జరిగింది. కానీ పది కాని రేటుతో తీసివేసే అలవాటు పిల్లలకు గడియారం దగ్గర తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందుకే భిన్నాల తీసివేతకు ముందు ఒకరోజు గంటలు-నిమిషాల లెక్కలు చేయించడం మంచిదని నాకనిపిస్తుంది. తర్వాత వారాలు-రోజులు. 5 వారాల 2 రోజుల్లోంచి 2 వారాల 5 రోజులు పోతే ఎంత? పది తెచ్చుకునే పిల్లవాడు కూడా ఇక్కడ ఏడే తెచ్చుకుంటాడు. జవాబు 2 వారాల 4 రోజులు. అదే అంకెలతో 5 2/7, 2 5/7 పక్కన రాసి చూపిస్తే పని సగం అయినట్టే.

ఆ తర్వాత ఇవ్వాల్సిన లెక్క చూడ్డానికి చాలా చిన్నది: 2 నుంచి 1/3. తత్సువోకా 20 లెక్కల్లో ఇదీ ఒకటి. రెండులో భిన్నమే లేదు కదా అని మూడింట ఒకటిని అలాగే కిందకు దించేసి 2 1/3 అని రాసే పిల్లలుంటారు. తీసేసిన తర్వాత ఉన్నదానికన్నా ఎక్కువ ఎలా మిగిలిందని అడగండి. వెంటనే దిద్దకుండా కాసేపు ఆగండి. ముక్కలేవీ కనిపించని రెండులోంచి ఒకటిని తీసి, మూడు ముక్కలు చేసి, ఒకటి ఇచ్చేసి, మిగిలిన రెండింటినీ ఇంకో ఒకటి పక్కన పెట్టడం వాళ్లంతట వాళ్లకే తడుతుందేమో చూడండి.